అచ్చులో ఉంది గదా మేడం

 

సంఘం వాళ్లు ఫోన్ చేసి, "మేడం, యువతకు చదువు గురించి నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు. చదువుకోండి అని చెప్పడానికి నేనెందుకు? ఆ మాట మీ ఇళ్లల్లో పొద్దున లేస్తే వింటూనే ఉంటారు. నేను కాగితం గురించి మాట్లాడతాను. టీచరుగా చేరి, తర్వాత వార్డెన్ బాధ్యతలు మీద పడ్డాక నా పని సగం పిల్లలతో, సగం కాగితాలతో. మెస్ బిల్లులు, నామినల్ రోల్స్, కుల ధ్రువీకరణ పత్రాలు, బ్యాంకు పాస్‌బుక్కులు. వీటి మధ్య కూర్చుంటే వారానికి రెండు మూడుసార్లైనా ఒక మాట వినబడుతుంది: "అచ్చులో ఉంది గదా మేడం." అంటే ఇంక అడగడానికి ఏమీ లేదని అర్థం. ఈ మాట నన్ను చిన్నప్పటి నుంచి వెంటాడుతోంది. అందుకే ఈ రోజు దీన్ని పట్టుకున్నాను.

నేను ఆశ్రమ పాఠశాలలో ఆరో తరగతి చదివేటప్పుడు ఒక గులాబీ రంగు కరపత్రం మా గదిలోకి వచ్చింది. మీ అమ్మానాన్నలను అడగండి, వాళ్లకూ తెలిసే ఉంటుంది. ఏదో ఊళ్లో గుడిలో పాము కనిపించిందట, మనిషిలా మాట్లాడిందట. ఇది చదివినవాళ్లు ఐదు వందల కాగితాలు అచ్చువేయించి పంచితే లాభం, చింపి పారేస్తే ఇంట్లో చావు. మా దగ్గర అచ్చువేయించే డబ్బులెక్కడివి? ఎనిమిది మంది ఆడపిల్లలం రాత్రి దీపం ఆర్పాక కూడా వరండా లైటు కింద కూర్చుని నోటు పుస్తకాల్లో కాగితాలు చింపి రాశాం. ఒకమ్మాయి ఏడుస్తూ రాసింది, వాళ్ల నాన్నకు అప్పుడు జ్వరం. మూడో రోజు మా లెక్కల సారు పట్టుకున్నాడు. కొట్టలేదు. ఆ గులాబీ కాగితం తిప్పి, "దీన్ని రాసిందెవరే?" అని అడిగాడు. పేరు లేదు. "ఏ ఊళ్లో జరిగింది?" ఊరి పేరుంది, జిల్లా లేదు. "ఎప్పుడు?" తేదీ లేదు. అట్టడుగున చిన్న అక్షరాల్లో ఒక ప్రెస్సు పేరు మాత్రం ఉంది. "డబ్బులిస్తే ఆ ప్రెస్సువాడు పెళ్లి కార్డు వేస్తాడు, సినిమా పోస్టరు వేస్తాడు, ఇదీ వేస్తాడు. వాడు దీన్ని నమ్మి వేయలేదమ్మా" అన్నాడు. రాసిన కాగితాలన్నీ అంతా చూస్తుండగానే పొయ్యిలో వేశాడు. ఆ జ్వరం వచ్చిన నాన్న తర్వాతి ఆదివారం కూతురిని చూడడానికి నడిచి వచ్చాడు.

ఇది నవ్వుకునే కథ. ఇంకొకటి నవ్వుకునేది కాదు.

మా నాన్నకు చదువు రాదు. ఊరి దగ్గర మూడెకరాల చెలక ఉండేది. అన్నయ్యకు జబ్బు చేసినప్పుడు ఒక షావుకారు దగ్గర రెండు వేలు తెచ్చాడు. అప్పు కాగితం అని చెప్పి స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. మూడో ఏడు దుక్కికి పోతే ఆ చెలకలో వేరేవాళ్ల ఎద్దులున్నాయి. నాన్న ఇంటికొచ్చి గొడవ పెట్టలేదు, పటేల్ దగ్గరికి పోలేదు. నేను అప్పటికి కొద్దిగా చదవగలను గనక, "ఏముందో చదువుతా నాన్నా" అంటే, "ఎందుకు బిడ్డా, మీద మూడు సింహాలున్నాయి. సర్కారు అచ్చు. అది తప్పెట్ల చెప్తది" అన్నాడు.

ఈ ఒక్క మాట మీద కొంచెం సేపు ఆగాలి. స్టాంపు కాగితం మీద పై భాగం సర్కారుది. సింహాలు, రూపాయల అంకె, గీతల అల్లిక, అవి సర్కారు ప్రెస్సులో అచ్చవుతాయి. అది ఒక పన్ను కట్టిన రసీదు, అంతే. దాని కింద ఉన్న ఖాళీలో ఏం రాశారో సర్కారుకు తెలియదు, సర్కారు ఒప్పుకోలేదు కూడా. కానీ పైన ఉన్న అచ్చు నమ్మకం కింద ఉన్న చేతిరాతలోకి కారుతుంది. మా నాన్న సింహాలను నమ్మాడు, షావుకారు రాత గెలిచింది. మన గూడేల్లో ఇట్లా పోయిన భూముల లెక్క మీ మీ ఇళ్లల్లో అడగండి.

నేను టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ట్రంకు పెట్టెలోంచి ఆ కాగితం నకలు తీసి చదివాను. అప్పు అన్న మాటే అందులో లేదు. "క్రయ ఒప్పందం" అని ఉంది. మా సీనియర్ అన్న ఒకాయన చూసి నవ్వి, "చెల్లీ, ఇది ఎంత మంచి అచ్చు కాగితం మీద ఉన్నా మన ఏజెన్సీలో చెల్లదు" అన్నాడు. అప్పుడు నాకు 1/70 సంగతి సరిగ్గా తెలిసింది. 1959లో వచ్చిన భూ బదలాయింపు నిబంధనను 1963లో మన తెలంగాణ షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తింపజేశారు. 1970లో దాన్ని సవరించి, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి పోవడానికి దారి మూశారు. అమ్మకం, దానం, తాకట్టు, కౌలు ఏ పేరు పెట్టినా చెల్లదు. నాన్న నోరు మూయించిన కాగితానికి అసలు ప్రాణమే లేదు. పదిహేనేళ్లు ఒక చచ్చిన కాగితానికి భయపడ్డాం.

కేసు వేశాం. ఎన్ని వాయిదాలు తిరిగామో చెప్పను, మీకు అన్నం వేళ అవుతుంది. ఆర్డరు మా వైపు వచ్చేనాటికి నాన్న లేడు. ఆర్డరు కాపీ తీసుకుని ఇంటికి పోతే మా అమ్మ దాన్ని ముట్టుకోలేదు. "ఇది నిజం కాగితమేనా?" అని అడిగింది. ఆమెకు అన్ని కాగితాలూ ఒకటే అయిపోయాయి. ఆ తర్వాత అటవీ హక్కుల చట్టం వచ్చి, గ్రామసభలో పోడు భూములకు దరఖాస్తులు తీసుకున్నప్పుడు అమ్మ వేలిముద్ర వేయనంది. ఎంత చెప్పినా వినలేదు. నేను అప్పుడు దూరంగా డ్యూటీలో ఉన్నాను. ఆ విడత పోయింది. నాన్న కాగితాన్ని మరీ నమ్మి ఒక భూమి పోగొట్టుకుంటే, అమ్మ అసలు నమ్మక ఇంకొకటి పోగొట్టుకుంది. తప్పు వాళ్లదని నేను అనడం లేదు. కాగితాన్ని ఎట్లా పరీక్షించాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

అచ్చుకు ఇంత గౌరవం ఎక్కణ్నుంచి వచ్చింది? టీచరును గదా, కొంచెం పాఠం చెప్పకుండా ఉండలేను. యూరప్‌లో గుటెన్‌బర్గ్ విడి అక్షరాలతో అచ్చు మొదలుపెట్టింది 1450ల్లో. చేతితో రాసిన పది ప్రతుల్లో పది రకాల తప్పులుంటాయి. అచ్చులో అయితే అన్ని ప్రతులూ ఒకే రకం. నీ దగ్గరున్నదీ నా దగ్గరున్నదీ ఒకటే అయినప్పుడు ఇద్దరం ఒకే పేజీ తీసి వాదించుకోవచ్చు. నమ్మకం అక్కడ మొదలైంది. కానీ తప్పు కూడా అన్ని ప్రతుల్లోనూ ఒకేసారి పడుతుంది. 1631లో లండన్‌లో రాజుగారి ముద్రాపకులు రాబర్ట్ బార్కర్, మార్టిన్ లూకస్ బైబిల్ అచ్చువేశారు. పది ఆజ్ఞల్లో వ్యభిచారం చేయకూడదు అనే చోట "కూడదు" అనే అర్థమిచ్చే ఒక్క చిన్న మాట జారిపోయింది. ఏం మిగిలిందో మీరే ఊహించుకోండి. వెనక వరుసలో నవ్వుతున్నారు, నాకు కనబడుతోంది. రాజు 300 పౌండ్లు జరిమానా వేశాడు, ప్రతులు వెనక్కి తెప్పించి తగలబెట్టించారు. దేవుడి పుస్తకం, రాజుగారి ప్రెస్సు, అయినా తప్పు పడింది.

మన తెలుగులో చూడండి. 1854లో మద్రాసులో మొదలైన వావిళ్ల వారి ప్రెస్సు పుస్తకం అంటే పండితులు కళ్లకద్దుకునేవారు. ఆ నమ్మకం యంత్రం వల్ల రాలేదు, ప్రూఫులు దిద్దిన మనుషుల వల్ల వచ్చింది. సీసం అక్షరాల రోజుల్లో కంపోజిటర్ అక్షరాలను అద్దంలో చూసినట్టు తిరగేసి పేర్చేవాడు. తెలుగుకు గుణింతాలు, వత్తులు అన్నీ కలిపితే వందల గళ్లు. ఒక వత్తు పక్క గడిలో పడితే మాటే మారిపోతుంది. అందుకని మొదటి ప్రూఫు తీసి, ఒకరు రాతప్రతి బిగ్గరగా చదువుతుంటే ఇంకొకరు అచ్చు చూసి దిద్దేవారు. అంతా అయ్యాక కూడా మిగిలిన వాటికి పుస్తకం చివర "తప్పొప్పుల పట్టిక" వేసేవారు. ట్రైనింగ్ కాలేజీ లైబ్రరీలో పాత పుస్తకాల వెనక ఆ పట్టికలు చూసి మేం నవ్వుకునేవాళ్లం, ఇన్ని తప్పులా అని. ఇప్పుడు నాకు అవే నచ్చుతాయి. ఫలానా పేజీలో ఫలానా వరుసలో నేను తప్పు వేశాను అని ఒప్పుకున్న పుస్తకాన్ని నేను ముందు నమ్ముతాను.

ఇంకొకళ్ల సంగతెందుకు, మన దగ్గరే ఈ పద్ధతి ఉంది. మా ఇంటి పర్ధాన్ కింగ్రి వాయిస్తూ పెర్సపేన్ కథ చెప్పేటప్పుడు మా పెద్దనాన్న కళ్లు మూసుకుని వినేవాడు. నిద్రపోయాడనుకునేదాన్ని. ఒక పేరు ముందు రావలసింది వెనక వస్తే కళ్లు తెరిచి "ఊఁ?" అనేవాడు. పర్ధాన్ ఆగి, మళ్లీ అందుకునేవాడు. పుస్తకం లేకపోయినా ప్రూఫు దిద్దడం ఉంది. నోటి మాట అంటే ఎవరికి తోచింది వారు చెప్పడం అని బయటివాళ్లు అనుకుంటారు. ఒకే కథ తెలిసిన పది మంది ఎదురుగా కూర్చుంటే తప్పు చెప్పడం ఎంత కష్టమో వాళ్లకు తెలియదు.

రాత కూడా మనకు లేదనేవారు. నార్నూరు మండలం గుంజాలలో ఇళ్లల్లో దాచుకున్న గోండి రాతప్రతులు బయటపడ్డాక, జయధీర్ తిరుమలరావు గారు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి పనిచేశాక ఆ మాట తగ్గింది. అప్పటికి ఆ లిపి చదవగలిగిన పెద్దలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. అంతకు ముందు ఏడు, 1918లో మున్షీ మంగళ్‌సింగ్ మసరాం తయారుచేసిన లిపి చేరింది. అంటే మీ ఫోన్‌లో మన అక్షరం చూపించడానికి ఇప్పుడు దారి ఉంది. 1943లో మార్లవాయిలో హైమండార్ఫ్ గోండు టీచర్లకు శిక్షణ మొదలుపెట్టినప్పుడు గోండి వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి. తర్వాత బడి తెలుగులోకి మారింది. నేను చదివింది తెలుగు వాచకం. మా భాష అచ్చులో లేదు గనక అది భాషే కాదేమో అని ఆరో తరగతిలో నేను నిజంగా అనుకున్నాను. అచ్చులో ఉన్నదంతా నిజం అని నమ్మినవాళ్లకు అచ్చులో లేనిదంతా అబద్ధంలాగే కనిపిస్తుంది. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

భీం దాదా జీవిత కథల్లో ఒక ముచ్చట చెబుతారు. ఊరు విడిచి చాందా వైపు పోయినప్పుడు విఠోబా అనే ఆయన దగ్గర ఉన్నాడని, ఆయన పత్రిక అచ్చువేసేవాడని, అక్కడే భీం చదవడం రాయడం నేర్చుకున్నాడని. జోడేఘాట్‌కు పోయినప్పుడల్లా నేను తుపాకీ కన్నా ముందు దీన్ని తలుచుకుంటాను. కాగితం ఎట్లా తయారవుతుందో దగ్గరి నుంచి చూసిన మనిషి, తాలూకాదారు కాగితానికి భయపడకపోవడంలో ఆశ్చర్యం లేదనిపిస్తుంది. ఇది నా ఊహ, చరిత్ర అని రాసుకోకండి. ఇంకో తమాషా. ఆ దాదా పేరే అచ్చులో ఎన్ని రకాలుగా ఉందో చూశారా? కొమరం భీం, కొమురం భీం, కుమురం భీం, కుమ్రం భీం. 2016లో ఆయన పేరు మీద జిల్లా వచ్చాక కూడా బోర్డుకో రకం. ఇంటిపేరు మనది, రాసేవాళ్లు వేరేవాళ్లు.

ఇంటిపేరు అన్నాను గనక నా తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట మా హాస్టల్లో పదో తరగతి అమ్మాయి ఒకరి ఇంటిపేరు మడావి. నామినల్ రోల్ ప్రింటు తీసి సరిచూడమని పంపారు. నలభై రెండు మంది పేర్లు. అందులో మడావి అన్నది మాధవి అయింది. ఎవరో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు తెలియక దిద్దేశారు, వాళ్లకు మాధవి తెలుసు, మడావి తెలియదు. నేను ఆ రోజు మెస్ సరుకుల లారీ వచ్చిన హడావుడిలో కింద సంతకం పెట్టాను. ప్రింటు శుభ్రంగా ఉంది, వరుసలు సమంగా ఉన్నాయి, నాకు అనుమానం రాలేదు. చేతిరాత అయితే చదివేదాన్ని! మెమో అదే పేరుతో వచ్చింది. ఆ అమ్మాయికి మంచి మార్కులు. కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్లు చూసే దగ్గర కుల పత్రంలో ఒక ఇంటిపేరు, మెమోలో ఇంకొకటి. సరిచేయించుకుని రమ్మన్నారు. అడ్మిషన్ రిజిస్టరు నకలు, హెడ్‌మాస్టరు లెటరు, దరఖాస్తు, మళ్లీ తిరుగుడు. ఆ ఏడు ఆమె కోరుకున్న సీటు పోయింది. వాళ్ల అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "అచ్చులో అట్లనే వచ్చింది గదా మేడం, మీరేం చేస్తరు" అంది. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఫోన్ల సంగతి. మీరనుకోవచ్చు, మేం చదువుకున్నోళ్లం, గులాబీ కాగితాలను నమ్మం అని. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో 3ని కొట్టివేసిన రోజు గుర్తుందా? 2000 జనవరి 10న వచ్చిన ఆ జీవో, ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని చెప్పింది. నాలాంటి ఎందరి ఉద్యోగాలో దాని మీద నిలబడ్డాయి. లాక్‌డౌన్, ఎక్కడికీ పోలేం. ఆ రాత్రి నా ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. టైపు చేసిన కాగితం, పైన చిహ్నం, కింద సంతకంలాంటి గీత. ఏజెన్సీ టీచర్లందరినీ తీసేస్తున్నట్టు. డి.ఎడ్. చదివిన నేను, కరపత్రం కథ మీకు చెబుతున్న నేను, తెల్లవార్లూ నిద్రపోలేదు. పొద్దున యూనియన్ అన్నకు ఫోన్ చేస్తే, "జీవో నంబరు ఎంత చెల్లీ?" అన్నాడు. చూశాను, లేదు. తేదీ లేదు. ఏ శాఖో లేదు. అసలు తీర్పులో ఏముందంటే, జీవోను కొట్టేశారు గానీ అప్పటికే ఉన్న నియామకాలను షరతుల మీద కాపాడారు. నిజమైన దెబ్బ మీ తరానికి తగిలింది, ముందు ముందు రావలసిన పోస్టులకు. ఆ దొంగ కాగితానికి భయపడుతూ మేం అసలు దెబ్బ గురించి రెండు రోజులు మాట్లాడుకోలేదు. తప్పుడు కాగితం చేసే పెద్ద నష్టం అదే.

లెక్కల సారు అడిగిన మూడు ప్రశ్నలే నాకు ఇప్పటికీ పనికొస్తున్నాయి. చట్టం కూడా అవే అడుగుతుంది. ఎన్నికల కరపత్రం మీద ముద్రించినవారి పేరు, చిరునామా, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఎ సెక్షన్ చెబుతుంది. లేకపోతే ఆరు నెలల దాకా జైలు లేదా రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఈసారి ఊళ్లో ఓట్లకు కాగితాలు పంచినప్పుడు పైన ఉన్న ఫొటోలు కాదు, అడుగున ఉన్న చిన్న అక్షరాలు చూడండి. లేకుంటే పంచేవాళ్లనే అడగండి. వాళ్ల ముఖాలు ఎట్లా మారతాయో చూడడానికైనా అడగండి.

ఇంకొక సంగతి చెప్పి కూర్చుంటాను. ఆ మడావి అమ్మాయి తర్వాతి ఏడు నర్సింగ్‌లో చేరింది, ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. ఆమె వల్ల మా హాస్టల్లో ఒక పద్ధతి మొదలైంది. నామినల్ రోల్ ప్రింటు రాగానే రాత్రి భోజనాలయ్యాక డైనింగ్ హాల్లో అందరం కూర్చుంటాం. ఒక పిల్ల ప్రింటు పట్టుకుని ఒక్కొక్క పేరు అక్షరం అక్షరం బిగ్గరగా చదువుతుంది. పక్కన ఇంకొక పిల్ల అడ్మిషన్ రిజిస్టరు చూస్తుంది. ఎవరి పేరు వాళ్లు లేచి నిలబడి వింటారు, సరిగ్గా ఉంటే "ఊఁ" అంటారు. పోయిన ఏడు నాలుగు తప్పులు దొరికాయి. తొడసంలో ఒకటి, పుట్టిన తేదీల్లో రెండు, తండ్రి పేరులో ఒకటి. నాలుగూ మెమో రాకముందే దిద్దించాం. గంటన్నర పట్టింది, సాంబారు గిన్నెలు కడగడం ఆలస్యమైందని వంటమనిషి గొణిగింది.

నా ఈ మాటలను మీ ఈ-సంచికలో వేస్తామన్నారు. వేసేముందు ఒకసారి నాకు పంపండి, చదివి ఇస్తాను. రామ్ రామ్.